శ్రీలంకలోను, మన దేశంలోను కార్మికుల బిడ్డల చదువు
(కార్మిక విద్యా శిబిరంలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ శిబిరంలో బోనస్ చట్టము గురించి, భవిష్యనిధి గురించి ప్రసంగాలు జరిగినప్పుడు "ఇది మన సంఘానికి సంబంధించిన విషయమేనా" అని ఎవరూ అడుగలేదు. పిల్లల చదువు గురించి మాట్లాడబోతున్నామని తెలిసినప్పుడు మాత్రం ఆ ప్రశ్న వచ్చినది. అడిగినవారిని మేము తప్పు పట్టము. ఇరవై అయిదేండ్ల క్రితం మేమైనా అదే అడిగి ఉండేవారము. సమాధానము తరువాత చెప్పుతాము. ముందుగా మేము కండ్లారా చూచినదానిని మీ ముందుంచుతాము.

కొన్ని సంవత్సరాల క్రితం అక్కడి తోట కార్మికుల ఆహ్వానముపై మేము నలుగురము శ్రీలంకకు వెళ్ళినాము. కొలంబో నుండి హటన్‌కు పోయే రైలులో ఉదయం పూట ప్రయాణము. ప్రతి స్టేషనులోను, రైలు దారి ప్రక్కనున్న ప్రతి బాటమీదను తెల్లని దుస్తులు వేసుకొని బడికి నడిచిపోతున్న పిల్లలే. పట్నము పిల్లలు, పల్లె పిల్లలు, చెప్పులు లేని పిల్లలు కూడ ఉన్నారు. తెల్లబట్టలు లేని పిల్లలు మాత్రం కనబడలేదు. మాలో ఒక మిత్రుడు దారిలో దిగినప్పుడల్లా టీ కొట్ల వెనుక భాగానికి వెళ్ళి చూచి వచ్చేవారు. ఎందుకని అడిగితే, గ్లాసులు కడిగే కుర్రవాడి కోసమని చెప్పినారు. చిన్ననాడు మన వైపు ఒక బస్టాండు హోటలులో ఆయన ఆ పనే చేసినవారు. మూడు చోట్ల చూచినారు. మూడు చోట్లను గ్లాసులు కడుగుతున్నది పెద్దవారే. ఆయన తిరిగి వచ్చి రైలులో కూర్చొని చాలా సేపు ఏమీ మాట్లాడలేదు.

మూడు కొట్లు చూచి ఒక దేశమునకు తీర్పు చెప్పరాదు. కాని లెక్కలు కూడ ఆ దిక్కుననే ఉన్నవి. 1981 జనాభా లెక్కలలో శ్రీలంకలో అక్షరాస్యులు 87 శాతము. అదే సంవత్సరము మన దేశంలో 43.57 శాతము. లెక్క కట్టే వయస్సులో రెండు దేశాలకు కొంత భేదమున్నది. ఎంత సర్దినా ఆ అగాధము పూడదు. 1981లోనే మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 14 ఏండ్ల లోపు పనిచేస్తున్న పిల్లలు 19 లక్షల 50 వేల మందికి పైగా తేలినారు. దేశంలోని ఏ రాష్ట్రంలోను అంతమంది లేరు. 2001 నాటికి కూడ 13 లక్షలకు పైబడి ఉన్నారు. ఆ సంవత్సరము దేశమంతటి లెక్క 1 కోటి 26 లక్షలు.

ఈ తేడా ఎట్లు వచ్చినది? "వారు ధనవంతులు, మనము బీదలము" అనే సమాధానము మనకు సులభముగా దొరుకుతుంది. అది నిజము కాదు. శ్రీలంక ఈ పనిని తలపెట్టిననాడు అదీ బీద దేశమే, అదీ బ్రిటిషువారి పాలనలోని దేశమే. పరిశీలించి చూస్తే, రెండు దేశాలను ఒకే పాలకులు ఏలుతున్న కాలములోనే దారులు చీలినవి. అక్కడ పిల్లల హాజరు తప్పనిసరి చేసే చట్టము గ్రామాల కోసము 1907లోనే వచ్చినది. మన దేశములో గోపాలకృష్ణ గోఖలే 1911లో నిర్బంధ ప్రాథమిక విద్యా బిల్లును కేంద్ర శాసనమండలిలో ప్రవేశపెట్టినారు. 1912లో వ్యతిరేకముగా 38 ఓట్లు, అనుకూలముగా 13 ఓట్లు రాగా దానిని ఓడించినారు. ఓడించినవారు బ్రిటిషు అధికారులు మాత్రమే కాదు, మన జమీందారీ పెద్దలు కూడ అందులో ఉన్నారు. పనివాని కొడుకు చదువుకొంటే పొలములో పని ఎవరు చేస్తారన్న ప్రశ్న ఆనాడు సిగ్గు పడకుండ అడుగదగిన ప్రశ్న.

అంతకన్న పెద్ద కారణము మరొకటి ఉన్నది. 1931లో శ్రీలంకలో స్త్రీ పురుషులందరికీ ఓటు హక్కు వచ్చినది. మనకు అది స్వాతంత్ర్యము తరువాత గాని రాలేదు. ఓటున్న తల్లిదండ్రులు తమ ఊరికి బడి అడిగినారు. ఓటు కావలసినవారు బడి కట్టినారు. అదే 1931 నుండి 1947 వరకు విద్యామంత్రిగా ఉన్న సి.డబ్ల్యు.డబ్ల్యు. కన్నంగర, శిశుతరగతి నుండి విశ్వవిద్యాలయము వరకు చదువంతా ఉచితమని 1945లో చట్టము చేయించినారు. పెద్ద పట్నాలలో ఉన్నటువంటి ఉన్నత పాఠశాలలు గ్రామాలలోను ఉండవలెనని యాభైకి పైగా కేంద్ర విద్యాలయాలు పెట్టించినారు. బీద పిల్లలు అందులో చేరుటకు అయిదవ తరగతిలో ఉపకార వేతన పరీక్ష. ఇంత చేసిన మనిషి 1947 ఎన్నికలలో తన స్థానములో ఓడిపోయినారు! ఆయన ఓడిపోయినారుగాని చట్టము ఓడిపోలేదు. తరువాత వచ్చిన ఏ ప్రభుత్వానికీ దానిని తీసివేసే ధైర్యము కలుగలేదు. 1980 నుండి పాఠ్యపుస్తకాలు, 1993 నుండి బడి దుస్తులకు గుడ్డ కూడ ఉచితముగా ఇస్తున్నారు. రైలులో మేము చూచిన ఆ తెల్లబట్టల వెనుక ఉన్న కథ ఇది.

ఇక మన సంగతి. రాజ్యాంగము 45వ అధికరణములో 14 ఏండ్ల లోపు పిల్లలందరికీ పదేండ్లలోగా ఉచిత నిర్బంధ విద్య కలిగించుటకు ప్రయత్నించవలెనని వ్రాసుకొన్నాము. ఆ గడువు 1960తో ముగిసినది. 1993లో ఉన్నికృష్ణన్ కేసులో, అదీ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వముపై వేసిన కేసే, 14 ఏండ్ల వరకు చదువు ప్రాథమిక హక్కేనని సుప్రీంకోర్టు చెప్పవలసి వచ్చినది. రాజ్యాంగ సవరణ 2002లో, చట్టము 2009లో, అమలు 2010 ఏప్రిల్ 1న. గోఖలే బిల్లు నుండి లెక్కపెడితే తొంబది తొమ్మిదేండ్లు. ఆలస్యముగా వచ్చినను ఆ చట్టము వచ్చిన తరువాత బడిలో పేరు లేని పిల్లలు బాగా తగ్గినారన్నది ఒప్పుకోవలసిన మాట. పేరుండుట వేరు, బల్లమీద కూర్చొనుట వేరు. ఆ సంగతి తరువాత వస్తుంది.

ఇంతవరకు విని, శ్రీలంకలో పిల్లల బాల్యము బంగారమని మీరు అనుకొని ఉంటే, మేము రైలు దిగిన తరువాత చూచినది కూడ వినవలెను. హటన్ దాటి తోటలలోకి పోయినాము. కొండ వాలుమీద తేయాకు, దాని నడుమ వరుసగా లైను ఇండ్లు. ఒక గది, ఒక వసారా, ఒక కుటుంబము. అవి బ్రిటిషువారి కాలములో కట్టినవి. అక్కడ పనిచేసేవారు వంద, నూటయాభై ఏండ్ల క్రితం తమిళదేశము నుండి కంగాణీలు తీసుకొనిపోయిన కూలీల సంతతి. శ్రీలంక ఎగుమతి ఆదాయములో సగానికి పైగా ఒక్క తేయాకే తెచ్చిన సంవత్సరాలు అనేకము ఉన్నవి. అంటే ఉచిత విద్యకు, ఉచిత వైద్యానికి డబ్బు తెచ్చినది ఈ కొండలమీది ఆడవారి వ్రేళ్ళు. మరి వారి బిడ్డలకు ఆ ఉచిత విద్య ఎప్పుడు అందినది?

1920 చట్టము ప్రకారము తోటలోని పిల్లలకు బడి నడిపే బాధ్యత తోట యజమానిది. ఒక గది, ఒక ఉపాధ్యాయుడు, ఎక్కువలో ఎక్కువ అయిదవ తరగతి. కూలీ బిడ్డ కూలీ కావలెనన్నది ఎక్కడా వ్రాయలేదు; వ్రాయవలసిన అవసరము లేకుండ ఏర్పాటు చేసినారు. 1945లో దేశములోని పిల్లలందరికీ తలుపులు తెరచినప్పుడు ఈ తోట బడులు యజమానుల చేతిలోనే మిగిలినవి. 1947 ఎన్నికలలో తోట కార్మికులు తమ ప్రతినిధులను ఏడుగురిని పార్లమెంటుకు పంపినారు. మరుసటి సంవత్సరమే, 1948లో, పౌరసత్వ చట్టము చేసి వారిలో అత్యధికులను పరాయివారిగా తేల్చినారు. 1949లో ఓటు కూడ తీసివేసినారు. ఓటు ఉన్నచోట బడి వచ్చినదని చెప్పినాము గదా. ఓటు పోయినచోట ఏమి జరుగునో ఈ కొండలమీద చూడవచ్చును. 1961లో ప్రభుత్వము సహాయ పాఠశాలలను స్వాధీనము చేసుకొన్నప్పుడు కూడ తోట బడులను ముట్టుకోలేదు. 1970 దశకములో తోటలు జాతీయమైన తరువాత గాని ఆ బడులు క్రమముగా ప్రభుత్వ శాఖ క్రిందికి రాలేదు.

ఈ లోపల 1964లో మన ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రికి, ఆ దేశ ప్రధాని సిరిమావో బండారనాయకేకు మధ్య ఒప్పందము కుదిరినది. 5 లక్షల 25 వేల మంది భారతదేశానికి, 3 లక్షల మంది శ్రీలంకకు. మిగిలిన లక్షన్నర మందిని 1974లో చెరిసగము పంచుకొన్నారు. తోటలో పుట్టి పెరిగి, భారతదేశమును ఎన్నడూ చూడని పిల్లలు ఓడ ఎక్కినారు. తిరిగి వచ్చినవారిలో కొందరికి నీలగిరులలోని ప్రభుత్వ తేయాకు తోటలలో, కర్ణాటకలోని సుళ్య, పుత్తూరు రబ్బరు తోటలలో, మన ఆంధ్రప్రదేశ్‌లోని నూలు మిల్లులలో పని చూపించినారు. రెండు ప్రభుత్వాలు తలలు లెక్కించుకొన్నవి గాని, ఆ పిల్లలు ఏ తరగతిలో చదువు మానినారో, ఏ తరగతిలో తిరిగి చేరినారో అడిగినట్లు ఆ ఒప్పందాలలో కనబడదు. అక్కడ మిగిలినవారి పౌరసత్వ సమస్య పూర్తిగా తీరుటకు 2003 చట్టము దాక ఆగవలసి వచ్చినది.

మేము చూచిన తోటలో ఇప్పుడు బడి ఉన్నది, మంచి కట్టడమే. 1980 దశకములో స్వీడన్ సహాయముతో కట్టిన బడులు ఆ ప్రాంతమంతటా ఉన్నవి. పిల్లలు వస్తున్నారు. ఉపాధ్యాయులలో తోట బిడ్డలే ఉన్నారు; వారితో మాట్లాడినప్పుడు మాకు సంతోషము కలిగినది. కాని తమిళ మాధ్యమములో గణితము, విజ్ఞానశాస్త్రము చెప్పేవారు చాలరని, అందువలన పెద్ద పరీక్షల దగ్గర తమ పిల్లలు వెనుకబడుతున్నారని వారే చెప్పినారు. బడి వదలిన తరువాత కొందరు పిల్లలు నేరుగా తల్లి ఉన్న కొండ వాలుకు పోవుట మేము గమనించినాము. ఆకు కోసే స్త్రీకి రోజుకింత తూకమని నిర్ణయము ఉన్నది. తూకము తగ్గితే ఆ దినము పూర్తి హాజరు ఇవ్వరు, "సగము పేరు" అని వ్రాస్తారు, కూలి సగమే. సాయంత్రము తూకము వేళకు బుట్టలో నాలుగు పిడికిళ్ళు పడితే ఆ దినము నిలబడుతుంది. ఆ నాలుగు పిడికిళ్ళు ఎవరివి అని కాటా దగ్గర ఎవరూ అడుగరు.

అది చూచినప్పుడు మేము నలుగురమూ ఒకరి ముఖము ఒకరము చూచుకొన్నాము. ఎందుకో చెప్పుతాము, ప్రసంగము మొదట మిగిల్చిన సమాధానము కూడ ఇక్కడనే ఉన్నది.

1990 దశకము చివర మేము ఉత్తర తెలంగాణలో బీడీ కార్మికుల మధ్య పనిచేస్తున్నాము. వెయ్యి బీడీలకు కూలి రేటు పెంచవలెనని సమ్మె చేసినాము. రేటు పెరిగినది. ఊరేగింపు జరిగినది, మెడలో దండలు పడినవి. ఆ వారములోనే సభ్యత్వము వ్రాయుటకు ఒక ఇంటికి పోయినాము. తల్లి చాట ఒడిలో పెట్టుకొని ఆకు చుట్టుతున్నది. ప్రక్కన తొమ్మిదేండ్ల పిల్ల బీడీ మూతులు మడిచి దారము కట్టుతున్నది. మేము పెద్దమనుషులవలె, పిల్లను బడికి పంపవలదా అమ్మా అని అడిగినాము. ఆమె చేయి ఆపకుండ ఇట్లు అన్నది:

"అన్నా, రేటు పెంచిండ్రు, మంచిదే. గని వెయ్యి బీడీలు నా ఒక్కదానితోని అయితయా? ఆరు వందలు అయితయి. పిల్ల మూతులు మలిచి దారం కడ్తెనే వెయ్యి. మీరు కంపెనోళ్ళతోని కుదిర్చిన రేటుల నా పిల్ల కూలి గూడ ఉన్నది గదా."

ఆమె కోపముతో అనలేదు. మా లెక్క మాకు అప్పజెప్పినది, అంతే. యజమానులతో కూర్చొన్నప్పుడు "ఒక కార్మికురాలు దినమునకు వెయ్యి బీడీలు చుట్టును" అనే మాటను వారు బల్లమీద పెట్టినారు, మేము మారుమాట లేకుండ తీసుకొన్నాము. ఆ అంకెమీదనే నెలకు ఇంత ఆదాయమని చూపించి, ఇది బ్రతుకదగిన కూలి అని సంతకాలు చేసినాము. యజమాని ఒక మనిషికి కూలి ఇచ్చి ఇద్దరి పని తీసుకొంటున్నాడు. రెండవ మనిషి వయస్సు తొమ్మిదేండ్లు. ఆ ఒప్పందము క్రింద మా సంతకము ఉన్నది. ఆ పిల్ల పేరు బడి రిజిస్టరులో మూడవ తరగతిలో ఉన్నది. సంఘము పుస్తకములో తల్లి పేరే ఉన్నది. పని మాత్రము ఇద్దరిది.

చట్టము సంగతి ఏమని మీరు అడుగవచ్చును. 1986 బాలకార్మిక నిషేధ చట్టము బీడీ తయారీని ప్రమాదకరమైన పనుల జాబితాలో చేర్చినది. అదే చట్టము మూడవ సెక్షనులో, కుటుంబము సహాయముతో ఇంటిలో జరిగే పనికి ఈ నిషేధము వర్తించదని మినహాయింపు ఇచ్చినది. కార్ఖానా మూసి, ఆకు, తంబాకు ఇంటింటికి పంచితే చాలును. చట్టము గుమ్మము దగ్గరనే ఆగిపోతుంది. 2016 సవరణ 14 ఏండ్ల లోపు పిల్లలను పనిలో పెట్టుట పూర్తిగా నిషేధించినది గాని, బడివేళలు కాని సమయములో కుటుంబ వృత్తికి సహాయపడవచ్చునని మరల ఒక తలుపు తెరచి ఉంచినది. బడివేళ ఏది, కానివేళ ఏది అని చుట్టే చేతులను చూచి ఎవరు చెప్పగలరు? శ్రీలంకలో 1998 నుండి 14 ఏండ్ల వరకు, 2016 నుండి 16 ఏండ్ల వరకు బడి తప్పనిసరి. 2021లో పనిలో చేరే కనీస వయస్సును కూడ 16కు పెంచినారు. బడి విడిచే వయస్సు, పనిలో చేరే వయస్సు ఒకటి కావలెనన్న సూక్ష్మము వారు గ్రహించినారు. మన దేశములో 14 నిండిన పిల్లకు చదువు హక్కు ముగుస్తుంది, 18 నిండువరకు ఆమె ఏ లెక్కలోను స్పష్టముగా ఉండదు.

ఈ సందర్భములో మార్కాపురమును తలచుకొనకుండ ఉండలేము. మన తరములో బడికి పోయిన ప్రతివారూ పలకమీదనే ఓనమాలు దిద్దినారు. ఆ పలకలు మార్కాపురము గనుల నుండి వచ్చినవి. వాటిని చీల్చి, కోసి, చట్రము బిగించిన చేతులలో బడికి పోని పిల్లల చేతులు ఎన్నో ఉండెడివి. 1988లో జాతీయ బాలకార్మిక ప్రాజెక్టు మొదలైనప్పుడు తొలి కేంద్రాలలో ఒకటిగా ఆ ఊరిని ఎంచుకొన్నది అందుకే. పలకమీద వ్రాసే బలపాలు మధ్యప్రదేశ్‌లోని మంద్‌సౌర్‌లో తయారయ్యేవి. అక్కడి కార్మికులు రాతి దుమ్ముతో ఊపిరితిత్తులు చెడి నడి వయస్సు రాకముందే చనిపోయేవారు. ఒక బిడ్డ అక్షరము దిద్దుటకు మరొక బిడ్డ అక్షరము లేకుండ పనిచేయవలెను. తోటలో ఆకు కోసినవారి బిడ్డకు దక్కని ఉచిత విద్య కథకు, దీనికి భేదమేమున్నదో మాకు తెలియదు.

శ్రీలంకను ఆదర్శముగా చూపి మనలను మనము తిట్టుకొనుట మా ఉద్దేశము కాదు. అక్కడను ట్యూషన్ల వ్యాపారము విపరీతముగా పెరిగినది. అయిదవ తరగతి పిల్లలు ఉపకార వేతన పరీక్షకు రాత్రింబవళ్ళు చదువుతున్నారు. 1961 తరువాత క్రొత్త ప్రైవేటు బడులకు తలుపు మూసినా, కంపెనీల చట్టము క్రింద "అంతర్జాతీయ పాఠశాలలు" పుట్టినవి. 2022లో ఆ దేశపు ఖజానా దివాళా తీసినప్పుడు కాగితము లేక పరీక్షలు వాయిదా పడినవి, పెట్రోలు లేక బడులు వారాల తరబడి మూతపడినవి. అప్పుడు మొదట బడి మానిన పిల్లలు ఎవరని ఒక తోట ఉపాధ్యాయుని తరువాత అడిగినాము. లైను ఇండ్లవారే అని చెప్పినాడు.

ఆయన మమ్ములను కూడ ఒక ప్రశ్న అడిగినాడు. మీ దేశములో సర్కారు బడికి ఎవరి పిల్లలు పోతారు అని. కూలివారి పిల్లలు అని చెప్పినాము. మీ సంఘము నాయకుల పిల్లలో అని అడిగినాడు. మేము నలుగురమూ ప్రైవేటు బడికి ఫీజు కట్టినవారమే. ఆ ప్రశ్నకు మేము ఇచ్చిన సమాధానము ఇక్కడ చెప్పదగినది కాదు.

ఆ బీడీ ఇంటి పిల్ల ఇప్పుడు పెద్దదై, తానే బీడీలు చుట్టుతున్నది. ఆమె కొడుకు బడికి పోతున్నాడు, ఇంగ్లీషు మీడియము, నెలనెలా ఫీజు. ఆ ఫీజు కోసము ఆమె తల్లి ముసలితనములో కూడ మూతులు మడుస్తున్నది. చట్టము ప్రకారము ఇప్పుడు ఆ ఇంటిలో బాలకార్మికులు లేరు. వెయ్యి బీడీల లెక్క మాత్రము మారలేదు. రెండవ జత చేతులు తొమ్మిదేండ్లవి కావు, అరువదేండ్లవి. బీడీ కార్మికుల పిల్లలకు సంక్షేమనిధి నుండి ఉపకార వేతనము వస్తుంది; ఆ నిధికి ఆధారమైన సెస్సును 2017లో రద్దు చేసినారు, ఇప్పుడది బడ్జెటు దయమీద నడుస్తున్నది. దరఖాస్తు ఇప్పుడు ఆన్‌లైనులో పెట్టవలెను, కనుక ఫారము నింపే పనికైనా మన శాఖలు ముందుకు రావలసి ఉన్నది.

వచ్చే రేటు చర్చలకు ముందు బీడీ ప్రాంతములోని శాఖలకు ఒక పని అప్పగిస్తున్నాము. ప్రతి శాఖ ఇరవై ఇండ్లు ఎంచుకొనవలెను. ఒక వయోజన కార్మికురాలు, ప్రక్కన మరెవరి చేయి సాయము లేకుండ, ఎనిమిది గంటలలో ఎన్ని బీడీలు చుట్టునో గడియారము పెట్టి లెక్క తీయవలెను. ఆకు కత్తిరించిన వేళ, దారము కట్టిన వేళ వేరుగా వ్రాయవలెను. వచ్చిన అంకె ఆరు వందలైతే ఆరు వందలని, ఏడు వందలైతే ఏడు వందలని పంపవలెను, సరి చేయరాదు. ఇంటిలోని పిల్లల వయస్సు, బడి, ఆ వారములో బడికి పోయిన దినాల సంఖ్య అదే కాగితము వెనుక వ్రాయవలెను. చర్చలలో మన కూలి లెక్క ఆ అంకె నుండి మొదలవుతుంది. తోట ప్రాంతాలలో పనిచేసే మిత్రులు తూకము నిర్ణయము విషయములో ఇదే పద్ధతిని అనుసరించవచ్చును. కాగితాలు మూడు నెలలలోగా కేంద్ర కార్యాలయమునకు చేరవలెను.